పన్నెండు పలకల లెక్క

ఖంగుమని శబ్దం వినిపించింది. ఆ వెంటనే రంపం దగ్గర నిప్పురవ్వలు ఎగిరాయి. మిల్లు నడిపే పెద్దాయన ఒక్క అంగలో వెళ్ళి మీట నొక్కాడు. మీట నొక్కినంత మాత్రాన ఆ పెద్ద చక్రాలు ఆగవు. అవి తిరిగి తిరిగి నిలిచేదాకా అక్కడున్న నలుగురిలో ఎవరమూ మాట్లాడలేదు. నిలిచిన తరువాత ఆయన రంపపు పట్టీని బొటనవ్రేలితో తడిమి చూశాడు. జానెడు మేర పళ్ళు లేవు. అప్పుడు నావైపు తిరిగి, "మేకు లేదన్నావు గదా, బాబూ!" అన్నాడు.

ఆ దుంగ నాది. మేకు లేదని చెప్పినవాణ్ణీ నేనే.

ఇది జరిగినది ఖరగ్‌పూర్‌లో. రైలు ప్రయాణికులకు ఈ ఊరు పొడవైన ప్లాట్‌ఫారం ద్వారా తెలుసు. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని చాలాకాలం చిన్నపిల్లల చేత బడిలో వల్లె వేయించారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని వెనుకకు నెట్టాయి. కాని తెలుగువారికి ఈ ఊరితో ఉన్న సంబంధం ప్లాట్‌ఫారంతో ముగిసేది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన తరువాత, వాల్తేరు దాకా ఉన్న తూర్పుకోస్తా మార్గం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చిన తరువాత, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాదిమంది రైలెక్కి ఇక్కడ దిగారు. వారి మనుమలూ మునిమనుమలూ నేటికీ ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, పనిలో హిందీ మాట్లాడుతూ ఇక్కడే ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషలలో చేర్చడానికి అంగీకరించినదంటే అందుకు ముఖ్యకారణం ఈ ఊరే.

మా నాన్నగారు అటువంటివారిలో ఒకరు. వర్క్‌షాపులో ఉద్యోగం చేసి, రిటైరైన డబ్బుతో ఊరి అంచున ఒక చిన్న ఇల్లు కట్టుకొన్నారు. పెరటిలో అమ్మ ఒక పనస పిక్క పాతింది. అది బొబ్బిలి దగ్గర ఉన్న వాళ్ళ పుట్టింటి పనస. అమ్మ పోయిన మూడో ఏట, వైశాఖమాసంలో ఇక్కడ సాయంవేళ విరుచుకుపడే గాలివానకు ఆ చెట్టు కూలింది. దానితో ఒక వ్రాతబల్లా, ఒక పుస్తకాల అలమరా చేయించుకోవాలని నాకు పట్టుదల కలిగింది. ఇంగ్లీషు పుస్తకాలను తెలుగు చేసి జీవించే నావంటివాడికి బల్లకు మించిన ఆస్తి ఏముంటుంది?

ఆ పట్టుదలతోనే మొండెం ఏడడుగుల మేర కోయించి, రిక్షాబండి మీద ఈ మిల్లుకు తెచ్చాను. కొనుక్కొన్న కలపను కోసి అమ్మే పెద్ద మిల్లులు వేరు. ఇది పరాయివాళ్ళ దుంగలను కూలికి కోసిపెట్టే చిన్న మిల్లు. ఒక పట్టీరంపం, ఒక గుండ్రంపం, దుంగను జరిపే ఒక బండి, రేకుల కప్పు, ఇంతే సరంజామా. దాని యజమానిని మా నాన్నగారు తమ్ముడని పిలిచేవారు గనుక నేను బాబాయ్ అంటాను.

ఆయన దుంగను చూసీ చూడగానే, "ఇది పెరటిచెట్టు గదా. మేకులున్నాయా?" అని అడిగాడు.

"లేవు బాబాయ్. మా ఇంటి చెట్టు నాకు తెలియదా?"

"అందరూ అలాగే అంటారు" అని దుంగ చివరను మరోసారి పరకాయించి చూశాడు. ఒకచోట కర్ర నల్లబడి ఉన్నది. అడవిలో పెరిగిన మాను కంటె పెరటిలో పెరిగిన మాను ప్రమాదకరమని ఆ రోజు తెలుసుకొన్నాను. దండెం కట్టడానికో, దీపం వ్రేలాడదీయడానికో, కాయని చెట్టుకు మేకు కొడితే కాస్తుందన్న నమ్మకంతోనో ఎవరో ఒకరు ఎప్పుడో ఒక మేకు కొడతారు. చెట్టు ఏటేటా కొత్త కర్రను వెలుపలివైపే చేర్చుకొంటూ పోతుంది గనుక ఇరవై ఏళ్ళకు ఆ మేకు నాలుగంగుళాల లోతున ఉంటుంది. పైన గుర్తు కూడా మిగలదు. కర్రలోని వగరు ఇనుముతో కలిసి నల్లని మచ్చగా పారుతుంది. ఆ మచ్చే అనుభవజ్ఞుడికి హెచ్చరిక. ఆయన ఆ మచ్చను నాకు చూపించాడు. నేను అది వాననీటి మచ్చ అన్నాను. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా ఉన్నవాడికి పనస దుంగ గురించి కూడా అంత నిశ్చయం ఎక్కడినుంచి వచ్చినదో ఇప్పుడు చెప్పలేను.

మేకు బయటపడ్డ తరువాత చూస్తే, అది నేను తొమ్మిదో తరగతిలో ఉండగా క్రికెట్ బ్యాటు తగిలించుకోవడానికి స్వయంగా కొట్టినది.

పట్టీరంపం సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. అది రెండు చక్రాల మీద తిరిగే అంతులేని ఉక్కుపట్టీ. ఇంగ్లండులో విలియం న్యూబెరీ అనే ఆయన 1808లోనే దానికి పేటెంటు తీసుకొన్నాడు గాని, పట్టీ రెండు కొసలనూ తెగకుండా అతికే విద్య కుదరక దాదాపు నలభై ఏళ్ళు అది కాగితం మీదనే ఉండిపోయింది. నేటికీ ఆ అతుకే దాని ప్రాణం. పళ్ళకు రోజూ పదును పెట్టాలి. ఒక పన్ను కుడికీ ఒక పన్ను ఎడమకూ వెంట్రుకవాసి వంచాలి. లేకపోతే రంపం తాను చేసిన గాడిలో తానే బిగుసుకొంటుంది. మేకు తగిలి పళ్ళు రాలిన పట్టీని పారవేయాలి, లేదా ఆ మేర కత్తిరించి మళ్ళీ అతకాలి. ఏది చేసినా ఆ రోజు పని పోయినట్లే.

మిల్లు గోడ మీద హిందీలో, బెంగాలీలో, తెలుగులో ఒక పలక వ్రేలాడుతూ ఉన్నది. మేకులకు, రాళ్ళకు పూచీ దుంగ తెచ్చినవారిదే అని దాని భావం. మూడు భాషలలో వ్రాసినా ఎవరూ చదవరని బాబాయి ఫిర్యాదు. అనువాదకుడిగా ఆయన బాధ నాకు అర్థమైంది. పట్టీ ఖరీదు ఇస్తానన్నాను. "అది సరే, ముందు మిగతా దుంగ సంగతి చూద్దాం" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. పట్టీ మార్చడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఆయన చెప్పిన సంగతులే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం.

మీదివాడు, కిందివాడు

ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కోతపనివాడు. మిల్లులు రాని రోజులలో నేలలో నిలువెత్తు గొయ్యి తీసి, దానిమీద అడ్డంగా దుంగను ఎక్కించి, ఒకడు దుంగ మీద నిలబడీ మరొకడు గోతిలో నిలబడీ పెద్దరంపాన్ని లాగేవారు. సున్నపుదారంతో కొట్టిన గీతను చూసి రంపాన్ని నడిపే బాధ్యత మీదివాడిది. కిందివాడి పని లాగడం, కళ్ళలో పడే పొట్టును భరించడం. కూలి ఇద్దరికీ ఒకటే అయినా గౌరవం మీదివాడిదే. "మా తాత కిందివాడు. అందుకే చివరి రోజుల్లో చూపు మందగించింది" అని బాబాయి చెప్పాడు.

అప్పట్లో ఈ ఊరికి కలపతో ఉన్న అవసరం ఇంతింత కాదు. రైలుపెట్టెల శరీరమంతా టేకు చెక్కతోనే కట్టేవారు. 1955లో మద్రాసు పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ఉక్కుపెట్టెలు తయారుచేయడం మొదలుపెట్టేవరకు చెక్కపెట్టెలదే రాజ్యం. పట్టాల కింద పరచే స్లీపర్లు సాల చెక్కవి. మనం గుగ్గిలం చెట్టు అనే ఆ సాలవృక్షాలు మేదినీపూర్, ఝార్‌గ్రామ్‌ల ఎర్రమట్టి నేలల్లో దండిగా పెరుగుతాయి. సాలం నూరేళ్ళు నిలబడుతుంది, నూరేళ్ళు పడి ఉంటుంది, మరో నూరేళ్ళకు గాని కుళ్ళదు అని ఉత్తరాది నానుడి.

స్లీపర్లు కాంక్రీటువి అయిన తరువాత, తీసివేసిన చెక్క స్లీపర్లను వేలంలో కొని తెచ్చుకోవడం రైల్వే ఊళ్ళన్నిటిలోనూ సామాన్యమైంది. పెద్దగేజి స్లీపరు తొమ్మిదడుగుల పొడవు, పదంగుళాల వెడల్పు, అయిదంగుళాల మందం. అంటే ఒక్కొక్కటి మూడు ఘనపుటడుగులకు పైగా చేవకర్ర. ద్వారబంధాలకూ దూలాలకూ అంతకంటె గట్టి కలప చవుకలో దొరకదు. కోత మిల్లువాడికి మాత్రం అంతకంటె పెద్ద గండం లేదు. పట్టాలను బిగించిన మేకులు తలలు విరిగి లోపలే ఉండిపోతాయి. రైళ్ళ బరువుకు కంకర రాళ్ళు అడుగుభాగంలో దిగబడి ఉంటాయి. ఒక స్లీపరు కోయడానికి ముందు దానిని గునపంతో, ఉలితో, అయస్కాంతంతో ఒక పూట పరీక్షించాలి. తెచ్చినవాడు మాత్రం గడియారం చూసుకొంటూ, "ఏమిటింత ఆలస్యం? నాలుగు కోతలే గదా!" అంటాడు. ఇంజను తొక్కిన కర్రను కోయనని బాబాయి ఒక దశలో ఒట్టు పెట్టుకొన్నాడు. తరువాత బేరాలు తగ్గి ఒట్టు గట్టున పెట్టాడు.

లెక్క కుదరని లెక్క

కొత్త పట్టీ ఎక్కింది. నా దుంగ పూర్తిగా కోత అయింది. పలకలు లెక్కపెట్టి చూశాను. తొమ్మిదే ఉన్నాయి. వెడల్పు పదిన్నర అంగుళాలు. నా లెక్క ప్రకారం పన్నెండంగుళాల వెడల్పున పన్నెండు పలకలు రావాలి. మేకు సంగతిలో తప్పు నాదైనా ఇక్కడ న్యాయం నావైపే ఉన్నదన్న ధైర్యంతో, కొంచెం కటువుగానే అడిగాను. కోత మిల్లులో ప్రతిరోజూ జరిగే తగాదా ఇదేనట.

నా లెక్క ఎలా వచ్చినదో చెబుతాను. మన దేశంలో దుంగలను కొలిచే పాత పద్ధతిలో మొండెం చుట్టుకొలతను నాలుగుతో భాగించి, దానిని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేస్తారు. ఈ లెక్కల పట్టికలను 18వ శతాబ్దంలో హోపస్ అనే ఇంగ్లీషువాడు అచ్చువేయించాడు. బెరడు తీసిన నా దుంగ చుట్టుకొలత నలభై ఎనిమిది అంగుళాలు. నాలుగో వంతు పన్నెండు. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు చదరపు అంగుళాలు, అనగా ఒక చదరపు అడుగు. పొడవు ఏడడుగులు గనుక ఏడు ఘనపుటడుగులు. ఇంకేముంది, పన్నెండంగుళాల చదరపు దిమ్మె లోపల దాగి ఉన్నదనీ, అంగుళానికొకటి చొప్పున పన్నెండు పలకలు వస్తాయనీ అనుకొన్నాను.

బాబాయి సుద్దముక్కతో నేలమీద ఒక సున్న చుట్టి, అందులో ఒక చదరం గీశాడు. నలభై ఎనిమిది అంగుళాల చుట్టుకొలత ఉన్న దుంగకు అడ్డుకొలత పదిహేనుంపావు. ఆ వలయంలో పట్టే అతి పెద్ద చదరం భుజం పదకొండంగుళాలకు కూడా కొంచెం తక్కువే. పన్నెండంగుళాల చదరం ఆ దుంగలో పట్టదు. దుంగ కాస్త వంకర గనుక నికరంగా దొరికినది పదిన్నర. నాలుగో వంతు లెక్క దిమ్మెను చూపించేది కాదు. నిజమైన ఘనపరిమాణంలో అది సుమారు నూటికి డెబ్బై ఎనిమిది వంతులే లెక్కకు తీసుకొంటుంది, తక్కిన ఇరవై రెండు వంతులూ గుండ్రటి అంచులు చెక్కివేయడానికి వదిలిన తరుగు.

"మరి పదిన్నరకు పది పలకలైనా రావాలి గదా?"

"రంపం ఏటి తింటుంది, బాబూ? గాలి తింటుందా?"

రంపం నడిచిన దారిలో కర్ర పొట్టు అవుతుంది. ఆ గాడి మందం ఈ మిల్లులో ఒక నూలు. అంగుళంలో ఎనిమిదో వంతును మన వడ్రంగులు నూలు అంటారు. హిందీవారు సూత్ అంటారు, బెంగాలీలు సుతా అంటారు. మూడింటికీ అర్థం దారమే. నా వృత్తిలో ఇంత సుఖమైన మాట తగలడం అరుదు. తొమ్మిది పలకల మధ్య ఎనిమిది కోతలు, ఎనిమిది కోతలకు ఎనిమిది నూళ్ళు. అంటే సరిగ్గా ఒక అంగుళం. నాకు రావలసిన ఒక పలకను రంపం మింగింది. అది మిల్లు నేలమీద పసుపుపచ్చని పొట్టుగా పడి ఉన్నది. మిగిలిన అర అంగుళం పలకకు చాలదు. తొమ్మిది పలకలనూ కొలిచి చూస్తే నాలుగున్నర ఘనపుటడుగులు దాటాయి. దుంగలో ఉన్న నిజమైన కర్రలో అది సగానికి కొంచెం పైమాట. గుండ్రని మానును పలకలుగా కోసినప్పుడు ఎక్కడైనా దక్కేది దాదాపు అంతే. పక్కచెక్కుల నుంచి రెండు సన్నబద్దలు వచ్చాయి. వాటిని కూడా ఆయన జాగ్రత్తగా కట్టకట్టి నా వంతులోనే పెట్టాడు.

ఇక్కడితో తగాదా తీరదట. అంగుళం పలకను ఇంటికి తీసుకొనిపోయి వడ్రంగి చేత చిత్రిక పట్టించగానే అది ముప్పాతిక అంగుళం అవుతుంది. పచ్చికర్ర ఆరితే కొంత కుదించుకొంటుంది, రెండు ముఖాలూ చిత్రిక పట్టినప్పుడు చెరొక నూలు పోతుంది. అప్పుడు పలక చంకన పెట్టుకొని మిల్లుకు వచ్చి, "అంగుళం అడిగితే ముప్పాతిక కోశావు" అని నిలదీసేవారు నెలకు ఇద్దరైనా ఉంటారట. బాబాయి అటువంటివారిని చిత్రికపొట్టు సంచీ కూడా తెమ్మంటాడు.

వింటూ ఉంటే నాకు నా ప్రచురణకర్తలు గుర్తుకు వచ్చారు. ఇంగ్లీషులో రెండువందల పేజీలు గనుక తెలుగులోనూ రెండువందలే ఉండాలని పట్టుబట్టిన మహానుభావుడొకడు ఉన్నాడు. ఆయనను ఒకసారి ఈ మిల్లుకు తీసుకురావాలి.

దుంగలు తెచ్చేవారు

హిందీలో రంపాన్ని ఆరా అంటారు గనుక ఈ ఊళ్ళో చాలామందికి ఇది ఆరా మిల్లు. పేరుకు తగినట్లు వచ్చిన ప్రతివాడూ ఆరా తీస్తాడు. పొట్టు ఎవరిది? ప్రశ్న చిన్నది కాదు. రంపపు పొట్టును కూరి వెలిగించే పొయ్యిలు కార్మికుల ఇళ్ళలో వాడుకలో ఉన్న రోజులలో పొట్టు బస్తా కూడా సొమ్మే. నా దుంగ, నా పొట్టు అంటారు కొందరు. పొట్టును తూచి ఇమ్మన్నవాడు కూడా ఒకడున్నాడట. బెరడు మాత్రం ఎవరూ అడగరు.

మనవాళ్ళలో ఒక తీరు వేరు. సింహద్వారం కొలతను సిద్ధాంతి ఆయం చూసి వ్రాసి ఇస్తాడు. ఆ చీటీలో అర నూలు కూడా ఉంటుంది. పచ్చికర్ర వానకు ఉబ్బి ఎండకు కుదించుకొంటుంది, అర నూలు నిలవదు అంటే శాస్త్రాన్ని ధిక్కరించినట్లు చూస్తారు. పైగా ముహూర్తం ఎల్లుండే. గుమ్మం రేపు సాయంత్రానికి కావాలి. దుంగ మాత్రం ఇంకా దారిలో ఉన్నది! బెంగాలీ గృహస్థులకు ముహూర్తాల తొందర తక్కువ గాని దుర్గాపూజ వస్తున్నదంటే మంచాలకూ తలుపులకూ ఒక్కసారిగా కదులుతారు. సెప్టెంబరు 17 ప్రాంతంలో విశ్వకర్మ పూజ. ఆ రోజు వర్క్‌షాపులో, మిల్లుల్లో యంత్రాలకు విశ్రాంతి. రంపానికి కుంకుమబొట్టు పెట్టి పూలమాల వేసి ఉండగా, "ఒక్క కోతే, రెండు నిమిషాలు" అంటూ సైకిలు మీద పలక కట్టుకొని వచ్చినవాడిని కూడా బాబాయి చూశాడు.

ఒక విశ్రాంత ఇంజనీరు మిల్లీమీటర్లలో నక్షా గీసి తెచ్చాడు. సాలకర్ర అర మిల్లీమీటరు తేడా లేకుండా ఉండాలన్నాడు. బాబాయి అలాగే కోసి ఇచ్చాడు. వారం తరువాత పలకలు పడవల వలె వంగాయి. సాలం ఆరడం బహు నిదానం. తొందరపెడితే పగులుతుంది, వంగుతుంది. కర్ర వలయాల వెంబడి కుదించుకొనే కొలత, నడుమ నుంచి అంచుకు కుదించుకొనే కొలతకు ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. పలకలు వంగడానికి మూలం ఆ తేడాయే. ఇంజనీరు లోహాలతో బ్రతికినవాడు. ఇనుము చెప్పినమాట వింటుంది.

అడిగేవాడి పట్టింపు ఎల్లప్పుడూ మూర్ఖత్వం కాదని కూడా ఆయనే చెప్పాడు. బొబ్బిలి వీణ చేసేవారు ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు. అటువంటివాడు వంద దుంగలు తట్టి చూసి ఒకటి ఏరుకొంటే, పక్కన నిలబడి ఓపిక పట్టవలసినదే. తట్టినప్పుడు ఆ మొద్దులో వాళ్ళకేదో వినిపిస్తుంది. "వాళ్ళకు ఏటి కావాలో వాళ్ళకు తెలుసు. తెలియనివాడితోనే మన చిక్కు" అన్నాడు. నన్ను చూసి అన్నాడో, మామూలుగా అన్నాడో గ్రహించలేకపోయాను.

అన్నిటికంటె పెద్ద గొడవ కాగితాలది. అడవుల నరికివేతపై గోదావర్మన్ తిరుమల్పాడ్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు దేశంలోని కోత మిల్లుల నుదుటివ్రాతను మార్చింది. అడవులలో అనుమతి లేని మిల్లులు మూతపడ్డాయి. 2002 అక్టోబరులో వచ్చిన మరొక ఉత్తర్వుతో, సుప్రీంకోర్టు నియమించిన కేంద్రసంఘం అనుమతి లేనిదే కొత్త మిల్లు పెట్టడానికి వీలు లేకుండా పోయింది. పశ్చిమ బెంగాల్‌లో సొంత పెరటిలోని చెట్లకు కూడా 2006లో ఒక చట్టం వచ్చింది. ఎక్కడి కలప, ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది మిల్లువాడు పుస్తకంలో వ్రాయాలి. ఆ పుస్తకం ముందు కూర్చొని, చీకటిపడ్డ తరువాత బండి మీద వచ్చిన దుంగను కాదనడం ఎంత కష్టమో ఊహించవచ్చు. తెచ్చినవాడు పక్కవీధివాడే, నాన్నతో వర్క్‌షాపులో పనిచేసినవాడి కొడుకే. కాగితం అడిగితే, "మనలో మనకు కాగితమా?" అంటాడు. కోస్తే మిల్లు పోతుంది, కోయకపోతే చుట్టరికం పోతుంది. అలా మాటలు పోయిన ఇళ్ళు ఈ పేటలో మూడు ఉన్నాయి. ఒక ఇంట్లో పెళ్ళి జరిగితే ఆయనకు పిలుపు రాలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన పదును పెడుతున్న ఆకురాయిని పక్కన పెట్టాడు.

ఆ చట్టాలు అక్కరలేదని ఆయన అనడు. ఇదే జిల్లాలో ఆరాబారి అనే చోట, 1972 ప్రాంతంలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి పదకొండు గ్రామాలవారిని కూడగట్టి, బోడిపడిన సాలవనాన్ని వాళ్ళ చేతనే కాపాడించాడు. మొదళ్ళ నుంచి సాలం మళ్ళీ చిగిర్చింది. కాపాడినందుకు కలప రాబడిలో నూటికి ఇరవై అయిదు వంతులు ఊరివారికి ఇచ్చే పద్ధతి దానినుంచే వచ్చింది. తరువాత దేశమంతటా వచ్చిన ఉమ్మడి అటవీ యాజమాన్యానికి అదే మొదటి మెట్టు. అయితే మొదళ్ళ నుంచి వచ్చిన సాలాన్ని గుంజల వయస్సులోనే నరుకుతారు గనుక పెద్ద దుంగలు కరవయ్యాయి. విదేశాల నుంచి ఓడల్లో వచ్చే కలప ఆ లోటు తీర్చింది. అందులోనూ బర్మా 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని నిలిపివేసింది. ఇక చిన్న మిల్లుకు మిగిలినవి ఇళ్ళ పెరళ్ళలో గాలివానకు కూలిన చెట్లు. వాటిలో మేకులు, వాటి వెనుక నావంటివాళ్ళు.

సాయంత్రమైంది. నేను పట్టీ ఖరీదు తీసి చేతికివ్వబోయాను. ఆయన సగం తీసుకొన్నాడు. "మచ్చ చూసి కూడా కోశాను. సగం తప్పు నాది" అన్నాడు. ఎంత చెప్పినా మిగతా సగం తీసుకోలేదు. చూసినవాణ్ణి తానే ఆపి ఉండవలసినదన్నది ఆయన తీర్పు. పలకల రంగు అప్పటికే మారడం మొదలైంది. కోసినప్పుడు పసుపు ముద్దలా ఉండే పనసచెక్క గాలి తగిలినకొద్దీ ముదురు గోధుమవన్నెకు తిరుగుతుంది. మూడో పలక మీద మేకు ఉన్నచోట జానెడు పొడవున నల్లని చార ఉన్నది. దానిని తీసివేసి అతుకు వేయిస్తావా అని అడిగాడు. వద్దు, బల్లకు పైభాగంలో అదే ఉండనీ అన్నాను.

పలకలను ఆయన నాకు ఇవ్వలేదు. ఇంటికి తీసుకుపోతే ఎండలో వేసి పాడుచేస్తానని భయం కాబోలు. రేకుల కప్పు కింద నేలకు జానెడు ఎత్తున పేర్చి, పలకకూ పలకకూ మధ్య ఒకే మందం గల బద్దలు పెట్టి, గాలి ఆడేటట్లు అమర్చాడు. కొసలకు పాత రంగు పూశాడు, పగలకుండా. అంగుళం మందానికి ఒక ఏడాది అన్నది వాళ్ళ లెక్క. పేర్పు మీద సుద్దతో ఆ రోజు తేదీ వ్రాశాడు.

నాలుగు నెలలు ఓపిక పట్టాను. అయిదో నెలలో ఒక ఆదివారం మిల్లుకు వెళ్ళి, పైన ఉన్న పలక తట్టి చూసి, "ఆరినట్లే ఉన్నది గదా, బాబాయ్?" అన్నాను. ఆయన అప్పుడు ఎవరిదో మామిడి దుంగ బండి మీదికి ఎక్కిస్తున్నాడు. దాని యజమాని పక్కనే నిలబడి, ఈ చెట్టుకు ఎవరూ మేకు కొట్టలేదని గట్టిగా చెబుతున్నాడు. బాబాయి మా ఇద్దరికీ జవాబు చెప్పలేదు. నన్ను చూసి సుద్దతో వ్రాసిన తేదీని వ్రేలితో చూపించి, అయస్కాంతం తేవడానికి లోపలికి వెళ్ళాడు.